అక్క మేజోళ్ళు

మా బావకి ఒక అలవాటుంది. శవం ఎవరిదైనా సరే, ఎంత గొప్పింటిదైనా సరే, బల్ల మీదికి చేర్చకముందే వెంట వచ్చినవాళ్ళను గుమ్మంలో నిలబెట్టి ఒకే మాట అడుగుతాడు. "ఏం జబ్బు?" వెక్కివెక్కి ఏడుస్తున్నవాళ్ళనైనా వదలడు. ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. చెప్పుల కొట్టువాడు కాలి కొలత అడిగినట్టు అడుగుతాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత తెలిసింది, ఆ జవాబును బట్టే ఆయన మందు కలుపుతాడని. పోయిన మనిషి చెడిపోకుండా, అయినవాళ్ళు వచ్చి కడసారి చూసుకునేదాకా నిలిపి ఉంచడం ఆయన పని. ఎంబామింగ్ అంటారు. మెడ దగ్గర నరం తెరిచి మోటారుతో మందు ఎక్కిస్తాడు. బతికుండగా నెత్తురు తిరిగిన దారులన్నిటా ఆ మందు తిరగాలి. దారులు బాగుంటే పని సులువు. ఏదైనా జబ్బు వాటిని పాడుచేసి ఉంటే, ఆ సంగతి ముందే తెలియాలి.

నేను దర్జీని, ఆయన భార్యకి చెల్లెల్ని. బతికున్నవాళ్ళకీ కుడతాను, బావ పిలిస్తే పోయినవాళ్ళకీ కుడతాను. బిగుసుకున్న చేతులకు చొక్కా తొడగాలంటే దాన్ని వీపున నిలువునా కత్తిరించి, తొడిగాక కనపడకుండా కుట్టేయాలి. అలా ఆ పనిగది నాకు అలవాటైపోయింది. అక్క మాత్రం ఏనాడూ ఆ గుమ్మం తొక్కలేదు. ముందు పనిగది, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. తలుపుకి ఇవతల ఆమె సంసారం చేసింది.

బావ పనిగది వాసనను స్నానంతో వదిలించుకునేవాడు గానీ, అక్కడి కబుర్లు మాత్రం భోజనం బల్ల దాకా మోసుకొచ్చేవాడు. చెప్పడంలో దిట్ట. థైరాయిడ్ ముదిరి కళ్ళు ముందుకు పొడుచుకొచ్చిన ఒకావిడ రెప్పలు మూయించడానికి తాను పడ్డ తిప్పలు చెప్పేవాడు. ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు మింగిన పెద్దాయన చర్మం ఉల్లిపొరలా వేలు తగిలితే చాలు ఊడి వచ్చేసిందని చెప్పేవాడు. అన్నిటికన్నా ఆయనకు గిట్టనిది షుగరు. "పైకి చూస్తే మనిషి భేషుగ్గా ఉంటాడు. లోపల వీధులన్నీ బంద్. మందు మోకాలి దాకా పోయి, ఇక దారిలేక అక్కడే కూర్చుని ఏడుస్తుంది. కింద వేళ్ళు చూడాలి, ఒక్కోటీ మాడిపోయిన వంకాయే" అనేవాడు. మేం పగలబడి నవ్వేవాళ్ళం. అక్క కూడా నవ్వేది. నవ్వుతూనే కాళ్ళు కుర్చీ కిందికి లాక్కునేది.

ఆమెకు షుగరుందని నాకొక్కదానికే తెలుసు. దర్జీ దగ్గర ఒళ్ళు దాగదు కదా. బట్టలు బిగించిన ప్రతిసారీ ఇంకా వదులే అవుతుంటే, తిండి మానేశావా ఏమిటే అని నిలదీశాను. అప్పుడు బయటపెట్టింది. ఆమె మాత్రలు నా మిషను సొరుగులో, బాబిన్ల డబ్బా వెనక ఉండేవి. కూరగాయలకని బయల్దేరి నా కొట్టుకొచ్చి మింగి వెళ్ళేది. తీసుకోవలసిన జాగ్రత్తల్లో సగం అలా దొంగచాటుగా కుదరవు. నేను పోరు పెట్టాను, తిట్టాను, బావకి చెప్పేస్తానని బెదిరించాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఆయనకి మాత్రం చెప్పకే. తెలిసిన మర్నాటినుంచీ ఆయన నా మొహం చూడడు, కాళ్ళే చూస్తాడు. నన్ను బల్ల మీద ఉన్నట్టు చూస్తాడు" అంది.

నేను నోరు కట్టేసుకున్నాను. కాలివేలికి దెబ్బ తగిలి మానకపోతే, ఎండాకాలంలో కూడా మేజోళ్ళు తొడుక్కోవడం మొదలుపెట్టింది. అదేమిటని బావ అడిగితే కాళ్ళు చల్లబడుతున్నాయంది. ఆ పిచ్చిమారాజు పట్నం వెళ్ళినప్పుడల్లా మెత్తటి ఉన్ని మేజోళ్ళు ఏరి ఏరి తెచ్చేవాడు. ఊరందరి కాళ్ళూ కంఠతా వచ్చిన మనిషి, పెళ్ళాం కాళ్ళు చూడనే లేదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. మేమందరం పాప అంటాం, ఇప్పుడు తనే తల్లి. వేరే ఊళ్ళో బట్టల దుకాణంలో రోజంతా నిలబడి చేసే ఉద్యోగం. కడుపుతో ఉన్నా చూపించుకోవడానికి సరిగ్గా వెళ్ళలేదు. కాన్పు కష్టమై ఆపరేషన్ చేశారు. పిల్లాడు మరీ బరువుగా పుట్టాడు, పుట్టిన కాసేపటికే వణికిపోతుంటే అద్దాల పెట్టెలో పెట్టారు. ఆ సాయంత్రం పాప ఆసుపత్రినుంచి అక్కకి ఫోను చేసి, ఇంట్లో ఎవరికైనా షుగరుందా అని డాక్టరమ్మ మరీ మరీ అడుగుతోందనీ, ఎవరికీ లేదని చెప్పాననీ అంది.

అక్క ఆ ఫోను పెట్టేసి నేరుగా నా కొట్టుకొచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అది చాలా రోజులనుంచి కాళ్ళు తిమ్మిరంటోందే. నిలబడే ఉద్యోగం కదా అనుకున్నాను" అని, రేపు పొద్దున ఆయనకి చెప్పేస్తాను, ఆ తర్వాత పాపకి చెబుతాను అంది. మొగుడికి చెప్పకుండా ముందు పిల్లకి చెప్పడం బాగుండదంది. మర్నాడు పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, పెట్టినచోటే కూలిపోయింది. చెప్పాలనుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు.

పాపకి కబురు చెప్పక తప్పలేదు. ఏడుస్తుందనుకున్నాం, అరుస్తుందనుకున్నాం. రెండూ చేయలేదు. ఎల్లుండికి గానీ తనను కదలనివ్వరనీ, తను వచ్చేదాకా ఉంచమనీ అడిగింది. "అందరి అమ్మల్నీ ఉంచావు కదా నాన్నా. మా అమ్మని అమ్మలాగే ఉంచు" అంది. బావ ఫోను పట్టుకుని తలూపాడు, అవతలివాళ్ళకు కనపడదన్న ధ్యాస కూడా లేదు.

మా ఊళ్ళో శవాలుంచే చలిగది లేదు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఉన్నదల్లా బావ చేతులే. పక్క ఊరినుంచి ఇదే పని చేసే ఆయన ఒకరు ఫోను చేసి, నీ మనిషికి నువ్వు చేసుకోలేవు, నేను వస్తానన్నాడు. బావ వద్దన్నాడు. నన్ను మాత్రం లోపలే ఉండమన్నాడు, ఒక్కణ్ణీ ఉండలేనన్నాడు.

ఆయన గుమ్మంలో ఎవరినీ ఏమీ అడగలేదు. ఎవరిని అడుగుతాడు? వెంట వచ్చినవాడు తనే. గుండె ఆగి పోయినవాళ్ళకు కలిపే మామూలు మందే కలుపుకున్నాడు. అక్కను మెడనుంచి చీలమండల దాకా ఉతికిన దుప్పటితో కప్పాడు.  ఆమెకి ఇచ్చిన మాట ఇంకా నా మెడ మీద ఉంది. ఆయన మొహం చూస్తుంటే, ఈ మాట కూడా చెబితే ఈ మనిషి ఇక్కడే కుప్పకూలతాడనిపించింది. నా నోటితో చెప్పే బదులు ఆయన కళ్ళతో ఆయనే చూసుకోనీ అనుకుని, అక్క కాలి దగ్గరికి వెళ్ళి మేజోడు అంచు పట్టుకున్నాను.

"ఉండనీ. కాళ్ళు చల్లబడితే దానికి నిద్ర పట్టదు" అన్నాడు బావ.

ఇన్నేళ్ళలో ఆ బల్ల మీద ఎవరి ఒంటి మీదైనా నూలుపోగు ఉంచి పని మొదలుపెట్టిన మనిషి కాదు. తలనుంచి గోటి దాకా చూడనిదే మోటారు మీద చెయ్యి వేయడు. నా వేళ్ళు మేజోడు మీదే ఉండిపోయాయి. ఆ క్షణంలో లాగేయాల్సింది. లాగలేకపోయాను.

మోటారు తిరిగింది. కాసేపటికి అక్క చెవి తమ్మెలకు రంగొచ్చింది, పెదవులు తేరుకున్నాయి. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఎలా ఉండేదో అలా అయింది మొహం. బావ కళ్ళనుంచి నీళ్ళు బొటబొటా దుప్పటి మీద పడ్డాయి. "చూశావా, మీ అక్క నన్ను ఏనాడూ కష్టపెట్టలేదు. ఇప్పుడూ పెట్టడం లేదు" అన్నాడు. 

తర్వాత చేతులు పట్టుకు చూశాడు. మందు చేరితే వేళ్ళు గట్టిపడి రంగు రావాలి. కుడి చేతికి కొంచెం వచ్చింది. ఎడమ చెయ్యి మెత్తగా, పాలిపోయి, అలాగే ఉంది. మణికట్టునుంచి వేళ్ళ దాకా ఒత్తాడు, నిమిరాడు, మళ్ళీ ఒత్తాడు. కదలిక లేదు. మోటారు జోరు పెంచాడు. ఇంకా పెంచాడు. వెళ్ళాల్సిన చోటికి వెళ్ళే దారిలేని మందు పైకి తన్నింది. నా కళ్ళ ముందే అక్క ఎడమ రెప్ప కింద ఉబ్బు మొదలైంది. అది బుగ్గకి పాకింది.

బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. పాప చూడటానికి వచ్చేది ఆ మొహమే. ఒక చేత్తో బుగ్గ అదిమిపట్టి, ఇంకో చేత్తో అక్క వేళ్ళు ఒత్తుతూ, ఎక్కడికి పోతోంది, ఎక్కడికి పోతోంది ఈ మందు అని గొణుక్కుంటున్నాడు. తాను చేయవలసినవన్నీ చేశాననీ, ఇది తన తప్పు కాదనీ అక్కకే చెప్పుకుంటున్నట్టుంది ఆ గొణుగుడు. ఇంకొంచెం ఊరుకుంటే మొహం చేతులారా చెడగొట్టుకుంటాడు.

"మోటారు ఆపు బావా. నువ్వు అడగలేదు" అన్నాను.

"ఏమిటి?"

"గుమ్మంలో అడుగుతావే, అది."

ఆయన నావైపు తిరిగి చూశాడు. అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. మోటారు ఆపేశాడు.  పరాయివాళ్ళను అడిగే గొంతుతోనే అడిగాడు.

"ఏం జబ్బు?"

"షుగరు. పాప పెళ్ళికి ముందునుంచీ."

బల్ల ఆ చివరికి వెళ్ళాడు. మేజోళ్ళు తనే తీశాడు, నిద్రపోయేవాళ్ళను లేపకూడదన్నట్టు మెల్లగా. ఎడమ కాలి బొటనవేలు నల్లగా ఉంది. అంత నలుపు నేనూ ఊహించలేదు. నాకు చూపించిన చివరిసారికి చిన్న పుండే. ఆ కాలిని ఆయన రెండు చేతుల్లోకి తీసుకుని నేల మీద చతికిలబడ్డాడు.

నాకెందుకు చెప్పలేదు అన్నాడు. నన్ను కాదు, ఆ కాలిని అడిగాడు. నాకు మాత్రం పొద్దుటినుంచీ దాచుకున్నదంతా ఒక్కసారిగా ఎగదన్నింది. ఆయన మీద జాలిపడే ఓపిక లేదు.

"నీ కబుర్లకి భయపడి చెప్పలేదు. మాడిపోయిన వంకాయని ఎన్నిసార్లు అన్నావో నీకు గుర్తుందా? ప్రతిసారీ అది కాళ్ళు లోపలికి లాక్కునేది" అన్నాను.

"నవ్వించడానికి చెప్పేవాణ్ణి" అన్నాడు.

"నవ్వింది కదా."

అంత మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపించదు. ఆయన ఏడవలేదు. ఆ నల్లటి వేలిని నుదుటికి ఆనించుకున్నాడు. తర్వాత లేచి, కలిపి ఉంచిన మందంతా పారబోసి, ఘాటైన మందు కలిపాడు. నాకు కళ్ళు మండి ఊపిరాడలేదు. ఆయన రెప్ప కూడా వేయలేదు.

ఆ రోజు మిగిలిందంతా ఆయన ఒక్కో దారీ తెరవడానికి పెనుగులాడుతూనే ఉన్నాడు. చంక దగ్గర తెరిచి చేతికి ఎక్కించాడు. తొడ మొదట్లో తెరిచి కాలికి ఎక్కించాడు. తాను సరదాగా చెప్పినట్టే, మందు మోకాలి దగ్గర ఆగిపోయింది. అది చూసి నోట్లో ఏదో అనుకున్నాడు, నాకు వినపడలేదు. కింద పిక్కకీ పాదానికీ సూదితో అక్కడక్కడా గుచ్చి ఎక్కించాడు. మందులో తడిపిన దూది పాదం చుట్టూ పట్టీలా చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు తొడిగాడు. బుగ్గ మీద చల్లటి తడిగుడ్డ నేను పట్టుకుని కూర్చున్నాను. వేడెక్కగానే మార్చడం, మళ్ళీ అదమడం. ఇక చాలు అని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. మధ్యలో ఒకసారి, ఎడమ చెయ్యి నిలవదు, మొహం సంగతి చెప్పలేను అన్నాడు. ఆయన నోట చెప్పలేను అన్న మాట నేను వినడం అదే మొదలు.

చీకటి పడేముందు నేనే గుర్తుచేశాను, ఈ జవాబు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఆసుపత్రిలో ఒకరున్నారని. డాక్టరమ్మ అడిగినదీ, అక్క చెబుతానన్నదీ, అంతా చెప్పాను. చేతులు కడుక్కోకుండానే ఫోను చేశాడు. ఉంది తల్లీ, మీ అమ్మకి ఉంది, వెంటనే డాక్టరమ్మకి చెప్పు అన్నాడు. మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని పాప అడిగినట్టుంది. ఈయన, నాకు తెలియదు అన్నాడు. పాప నమ్మలేదు. ఊరందరి జబ్బులూ అడిగి తెలుసుకునే మా నాన్నకి తెలియదా అందట. ఆ మాట నాకు తర్వాత చెప్పాడు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేకపోయాడు.

మర్నాడంతా ఇద్దరం బల్ల చుట్టూ తిరిగాం. ఆయన తిండి ముట్టలేదు. గదిలోకి వచ్చిన ప్రతిసారీ గుమ్మంలో ఆగి గాలి పీల్చి చూసేవాడు, నేనూ పీల్చేదాన్ని, ఏమైనా తెలిసిందా అని ఒకరినొకరు అడగడానికి భయం. బుగ్గ ఉబ్బు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. రెప్ప మూతపడింది. ఎడమ చేతి వేళ్ళ మీద చర్మం జారడం మొదలైంది. ఆ చెయ్యి ఎలాగూ చూపించలేమని నేను అక్కకి చివరి బట్టలు కుట్టాను. ఊదారంగు, ఆమెకి ఇష్టమైనది. ఎడమ చేతికి వేళ్ళు దాటి వచ్చేంత పొడుగు పెట్టాను. కొలతలు చూసుకోనక్కర్లేదు, ఎంత చిక్కిపోయిందో నా టేపుకి తెలిసినంత ఎవరికీ తెలియదు. అంతా అయ్యాక బావ కొత్త మేజోళ్ళు తెచ్చి తొడిగాడు. ఈసారి నేను ఆపలేదు.

పాప వచ్చింది. మా అల్లుడు ఒక పక్క పట్టుకుంటే, పొట్ట మీద చెయ్యి అదుముకుని అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. బావ ఫోను తర్వాత తనకీ పరీక్ష చేస్తే షుగరని తేలి, మందులు మార్చారట. ఆసుపత్రిలోనే ఉన్న పిల్లాడు వణకడం తగ్గి పాలు తాగుతున్నాడని అల్లుడు నాకు మెల్లగా చెప్పాడు. పాపకి మాత్రం బాగా ఎక్కువ ఉందట, కొత్తగా వచ్చింది కాదన్నారట.

తల్లి దగ్గర కుర్చీ వేశాను. కుడి చెయ్యి పట్టుకుని వంగి చాలాసేపు చూసింది. ఆ చూస్తున్నంతసేపూ బావ గోడకి ఆనుకుని, తీర్పు వినడానికి నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

"అమ్మే" అంది పాప.  పాప మళ్ళీ చూసి, అమ్మ బుగ్గ ఎందుకు వాచింది నాన్నా అని అడిగింది.

ఇలాంటి వాటికి ఆయన దగ్గర సిద్ధంగా ఉండే జవాబులు బోలెడు. వేడికి అలా అవుతుందంటాడు, తలగడ ఎత్తు వల్లంటాడు. వచ్చినవాళ్ళు నమ్మి తలూపి వెళ్తారు.

"నా వల్ల. అందరినీ అడిగేది మీ అమ్మ దగ్గర అడగలేదు" అన్నాడు.

 పాప తండ్రి వైపు చూడలేదు. బావ గోడ వదిలి వచ్చి ఆమె కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు. ఆమె చెప్పులు విప్పబోయాడు. పాప చటుక్కున కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది. ఆ లాక్కోవడం చూసి నాకు దుఃఖం ఆగలేదు, తలుపు పట్టుకుని ఏడ్చేశాను. అది అచ్చం అక్కే.

"దాచకు తల్లీ. నేనేమీ అనను. ఇక ఎప్పుడూ అనను" అన్నాడు బావ.

కాసేపటికి ఆమె తనే కాళ్ళు ముందుకు చాపింది. వాచి ఉన్నాయి, నిలబడి నిలబడి మడమలు పగిలి ఉన్నాయి. బావ ఒక్కో వేలూ పట్టుకుని నొక్కుతూ, ఇక్కడ తెలుస్తోందా అని అడిగాడు. తల్లి మొహం మీదనుంచి చూపు తిప్పకుండా పాప తెలుస్తోంది, తెలుస్తోంది అని చెబుతోంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన ఊపిరి వదులుతున్నాడు. కుడి కాలు అయింది. ఎడమ కాలు పట్టుకున్నాడు. బొటనవేలి దగ్గర పాప ఏమీ చెప్పలేదు. ఆయన ఇంకా గట్టిగా నొక్కాడు. వేలి చివర తెల్లబడేదాకా నొక్కాడు.

పాప తల్లి మొహాన్నే చూస్తూ ఎదురుచూసింది.

"ఆగావేం నాన్నా, అదీ చూడు" అంది.